పేగు తీగలు

నా చేతుల వాసనకి బాబిలోనులో ఎవరూ
నా పక్కన కూర్చోరు.
కాలువ గట్టున గొర్రె పేగులు కడిగి, గీకి,
బూడిదనీళ్లలో మూడు రాత్రులు నానేసి
తడి ఆరకముందే మెలితిప్పుతాను.
ఐదు పోగులు కలిపితే మంద్రం. ఒంటిపోగు తారం.
జానెడుకి పదకొండు మెలికలు.
మా అమ్మ లెక్క అది.

నా పెనిమిటి షులాయ వాయించేది సబ్కా.
మూడు మూలల చెక్క, మేకకొమ్ములా వంగిన మెడ.
పక్కింటి యవనుడు, ఏదో యుద్ధంలో పట్టుబడి వచ్చినవాడు,
తన వాద్యాన్ని కితారిస్ అనేవాడు.
మా నోట్లో పడి అది ఖత్రోస్ అయింది.
"మీరు నమిలి ఉమ్మేశారు" అని నవ్వుతాడు.
ప్సంతేరీను పేరైతే ఎవరికీ నోరు తిరగదు.
దాన్ని వాయించే ముసలాయన కూడా
"నా పెట్టె" అంటాడు, అంతే.

చాటింపువాడికి మాత్రం తిరిగింది.
కొమ్ము, పిల్లనగ్రోవి, ఖత్రోస్, సబ్కా,
ప్సంతేరీను, సుంపొన్యా.
అప్పులవాడు వీధిలో నిలబడి బాకీలు చదివినట్టు
ఒక్క ఊపిరిలో చదివాడు.
ఆ మోత చెవిన పడగానే దూరా మైదానంలో
ఎవడైనా సరే నేలకి పడి మొక్కాలి.
మొక్కనివాడికి ఇటుకల బట్టీ.

నాకు నలభై జతల తీగలు పురమాయించారు.
ఆ నెల ఊళ్లో గొర్రెపిల్ల మిగల్లేదు.
రాత్రంతా దొడ్లలో తల్లులు అరుస్తుంటే
దీపం దగ్గర కూర్చుని తిప్పాను.
పేగుబంధం ఎంత సాగుతుందో
నా వేళ్లనడగండి.

ఆ పొద్దున బంగారం మీద ఎండ పడి
కళ్లు నిలవలేదు.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
నా తీగ మీటితే దేశాలు కదిలాయి.
అధిపతులు, ఖజానాదారులు, వాళ్లకి గొడుగు పట్టేవాళ్లు,
కోసిన యవల చేనులా వాలిపోయారు.
నేనూ వాలాను. అబద్ధమెందుకు.
మోకాలి చిప్ప కింద గులకరాయి.
నుదుటి నిండా దుమ్ము.
ఓరకంట చూశాను.

ముగ్గురు మొక్కలేదని తర్వాత ఊరంతా చెప్పుకుంది.
దూరం, వాళ్లు నాకు ఆనలేదు.
నాకు కనపడింది వేదిక మీది వాద్యగాళ్లు.
వాయించేవాడు వంగకూడదు.
వంగితే మోత ఆగుతుంది,
మోత ఆగితే అందరూ లేస్తారు.
షులాయ నిటారుగా, గడ్డం చెక్కకి ఆనించి,
తాను మొక్కకుండా
భూమినంతా మొక్కిస్తున్నాడు.
భటులు తలలు లెక్కపెడుతూ పోయారు.
ఆ తలల్ని లెక్కలో వేసుకోలేదు.

ముగ్గురికీ మళ్లీ అవకాశమిచ్చారట.
మళ్లీ వాయిస్తారు, ఈసారి పడండి అని.
వాద్యాల్ని బట్టీ పక్కకి జరిపించారు.
నా తీగలకి ఎండే పడదు, ఇక ఆ సెగ!
తారం ముందు తెగింది,
మంగలంలో పేలం పేలినట్టు చిన్న చప్పుడు.
తర్వాత దాని పక్కది.
యవనుడివి రెండూ ఒకేసారి.

లోపల ఏం జరిగిందో తలా ఒకటి చెబుతారు.
నలుగురు తిరిగారంటారు, నవ్వారంటారు.
నాకు తెలిసింది షులాయ చెంప మీద
తీగ కొట్టిన ఎర్రటి వాత.
నూనె రాస్తుంటే గోడకేసి చూస్తూ అన్నాడు:
"నేను మొక్కలేదు."
"నీకు వీలు చిక్కలేదు" అన్నాను.
చాలాసేపటికి నవ్వాడు.
నవ్వేనో కాదో.

రాయసగాడు వాద్యాల పేర్లు నాలుగుసార్లు రాశాడట,
ఒకసారి చివరిది మరిచిపోయాడట.
మీటినవాళ్ల పేర్లు అడగడానికి
మా వీధికి రాలేదు.
వాసన కదా.

ఇవాళ మళ్లీ కబురొచ్చింది. నలభై జతలు, కొత్తవి.
కాలువ నీళ్లు చల్లగా ఉన్నాయి.
పేగు వేళ్ల సందున జారుతోంది.
మా అమ్మ లెక్క పైకే చదువుకుంటూ తిప్పుతున్నాను,
జానెడుకి
పది.